చలికాలం ప్యాకెట్‌లో రాదు

మా అమ్మ చెయ్యి పెడితే ఎండుపుల్ల కూడా చిగురిస్తుందని మా వీధిలో అందరూ అంటారు. అలాంటి అమ్మ పోయిన ఫిబ్రవరిలో ఒక కుండీలో మట్టిని తీసి బంతి మొక్కల మొదట్లో కుమ్మరించేసి, "నా చేతిలో ఏదో తేడా వచ్చిందే" అంది. నవ్వుతూనే అంది. కానీ నాలుగు నెలల పాటు రోజూ పొద్దున్నే ఆ కుండీ దగ్గర కూర్చుని చూసిన మనిషి అలా అంటే నాకు వినడానికి బాలేదు. పైగా తేడా ఆవిడ చేతిలో లేదు. నా చదువులో ఉంది.

జరిగింది ఇదీ. అమ్మ పుట్టినరోజు దీపావళి దగ్గర్లో వస్తుంది. ఎప్పుడూ చీరేనా, ఈసారి కొత్తగా ఏదైనా ఇద్దామని ఒక షాపింగ్ యాప్‌లో వెతుకుతుంటే ‘ఆల్పైన్ బటర్‌కప్’ విత్తనాలు కనిపించాయి. ఫొటోలో బూడిదరంగు రాళ్ళ మధ్య, మంచు పక్కనే, చిన్న గిన్నెల్లాంటి తెల్లని పూలు, పసుప్పచ్చని పూలు. రేటు చూస్తే రెండు బిర్యానీల ఖరీదు. ఆర్డర్ పెట్టేశా. ప్యాకెట్ వెనకాల ఇంగ్లీషులో నాలుగు లైన్లు ఉన్నాయి. అందులో ఒకటి ‘కోల్డ్ స్ట్రాటిఫికేషన్’ చేయాలని. "ఏమని రాశాడే దాని మీద?" అని అమ్మ అడిగింది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను తడుముకోకుండా చెప్పేశా: "చల్లగా ఉంచాలంటమ్మా."

అమ్మ ఆ మాటని అక్షరాలా పాటించింది. కుండీని నీళ్ళ ట్యాంక్ నీడలో పెట్టింది. చుట్టూ తడి గోనెసంచి చుట్టింది. మెత్తటి ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు, వర్మీ కంపోస్టు, తన దగ్గరున్న మంచివన్నీ అందులో వేసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు. మాది గుంటూరు. మాకు చలికాలం అంటే రాత్రిపూట ఫ్యాన్ ఒక పాయింట్ తగ్గించడమే. ఏమీ మొలవలేదు.

ఇది మొక్కల వ్యాసం కాబట్టి పేజీ తిప్పేద్దామనుకుంటున్నారేమో, ఒక్క నిమిషం ఆగండి. నేను చెప్పదలుచుకున్నది ఇదీ: ఏ మొక్కనైనా పెంచాలంటే ముందు దాని ఊరు ఎలాంటిదో తెలుసుకోవాలి. ఆ ఊరిని మన దగ్గర తయారు చేయలేమని తేలితే, దాన్ని కొనకుండా ఉండటం కూడా పెంపకం తెలిసినవాళ్ళ లక్షణమే. ఇప్పుడు మనకి అమ్ముతున్నవాళ్ళు పువ్వు ఫొటో అమ్ముతున్నారు గానీ, ఆ పువ్వు ఊరు గురించి చెప్పట్లేదు. కొంటున్న మనం అడగట్లేదు.

బటర్‌కప్‌ల శాస్త్రీయ నామం రానంక్యులస్. లాటిన్‌లో ‘చిన్న కప్ప’ అని అర్థం. ఈ జాతిలో చాలా మొక్కలు కప్పల్లాగే తడి నేలల్లో ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఇంగ్లండ్‌లో పిల్లలు ఈ పువ్వుని గడ్డం కింద పెట్టుకుంటారు. గడ్డం మీద పసుపు వెలుగు పడితే వాళ్ళకి వెన్న ఇష్టం అన్నమాట. ఆట సంగతి అలా ఉంచితే, ఆ వెలుగు వెనక మంచి ఫిజిక్స్ ఉంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2011లో దాన్ని వివరించారు. రేకు పైపొర అద్దమంత నున్నగా ఉంటుంది. దాని కింద సన్నటి గాలి పొర, ఆ కింద స్టార్చ్ నిండిన తెల్లటి పొర. వీటన్నిటి వల్లా వెలుతురు తిరిగొస్తుంది. సోప్ బుడగ మీద రంగుల గురించి ఫస్టియర్‌లో చదివాం చూడండి, ఆ థిన్ ఫిల్మ్ చాప్టర్‌కి దగ్గరి చుట్టమే ఇది. అంత అందంగా ఉందని నోట్లో పెట్టుకోకండి, ఈ మొక్కల పసరు తగిలితే చర్మం పొక్కుతుంది.

ఇక ‘ఆల్పైన్’ అంటే చెట్లు పెరగడం ఆగిపోయిన ఎత్తుకి పైన ఉండేవి. వీటిలో గ్లేషియర్ బటర్‌కప్ అనే ఆమెని, క్షమించాలి, నాకు ‘ఆమె’ అనే వస్తోంది, చూడాలి. స్విట్జర్లాండ్‌లో ఫిన్‌స్టరార్‌హార్న్ అనే శిఖరం మీద 4,200 మీటర్ల పైన కూడా ఈ మొక్క దొరికింది. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన కొండలే 1,700 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. అంటే వాటి మీద ఇంకా ఒకటిన్నర కొండ పేర్చాలి. అంత పైన నేల ఏముంటుంది? విరిగిన రాళ్ళు, వాటి మధ్య పిడికెడు ఇసుక, కింద నుంచి జారుతూ పోయే మంచు నీళ్ళు. ఏడాదిలో మంచు లేని రోజులు చాలా తక్కువ. అందుకే ఈ మొక్క ముందుచూపుతో బతుకుతుంది. ఈ ఏడాది పూయాల్సిన మొగ్గని పోయిన ఏడాదే లోపల తయారుచేసి పెట్టుకుంటుంది. మంచు కరగ్గానే తెల్లగా పూస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఆ తెలుపు గులాబీ రంగులోకి తిరుగుతుంది.

ఇలాంటి మొక్కల్ని కింద, మామూలు తోటల్లో పెంచాలని యూరప్ వాళ్ళకి ఎప్పట్నుంచో పిచ్చి. దాని కోసం కట్టుకునేదే రాక్ గార్డెన్. రాళ్ళు పేర్చి మధ్యలో మొక్కలు గుచ్చితే రాక్ గార్డెన్ అయిపోతుందని నేనూ అనుకున్నా. మా పెద్దమ్మ కూతురు ఎడిన్‌బరోలో ఎమ్మెస్ చదువుతోంది. అక్కడి రాయల్ బొటానిక్ గార్డెన్‌లో పాత, పేరున్న రాక్ గార్డెన్ ఒకటుంది. మేలో ఒక ఆదివారం అక్క అక్కడ్నుంచి వీడియో కాల్ చేసి, "ఇదేంటే, మొక్కల చుట్టూ అంతా కంకర పోశారు! రోడ్డేస్తున్నట్టుంది" అంది. ఆ కంకరే నన్ను పట్టుకుంది. ఎందుకు పోశారా అని చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ అమ్మ కుండీ గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

ఎందుకంటే మేము చేసిన ప్రతి పనీ తిరగేసి చేశాం.

మొదటిది, చలి ఈ మొక్కల్ని చంపదు. చలికాలంలో నిలిచిన తడి చంపుతుంది. ఆల్ప్స్‌లో చలికాలమంతా మొక్క మందపాటి మంచు కింద నిద్రపోతుంది. ఆ మంచు దుప్పటి లాంటిది. బయట మైనస్ ఎంత ఉన్నా లోపల సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది, పైగా వాన నీళ్ళు పడవు. అదే మొక్కని ఇంగ్లండ్‌కి తెస్తే అక్కడ చలికాలమంతా జల్లులే. మొక్క మెడ దగ్గర నీళ్ళు నిలిచి కుళ్ళిపోతుంది. అందుకని తోటమాలులు కొన్ని మొక్కల నెత్తి మీద ఒక గాజు పలకని గొడుగులా పెడతారు, పక్కల నుంచి గాలి మాత్రం ఆడాలి. అక్క చూసిన కంకర కూడా ఇందుకే. మొక్క మెడ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మందాన చిన్న కంకర ఉంటే నీళ్ళు అక్కడ నిలవకుండా కిందకి దిగిపోతాయి. అమ్మేమో తడి గోనెసంచి చుట్టింది.

రెండోది, వీటికి తిండి ఎక్కువైతే కష్టం. రాక్ గార్డెన్ మట్టిలో సగం దాకా కంకరో ముతక ఇసుకో ఉంటుంది, మిగతాది మట్టి, కుళ్ళిన ఆకులు. బాగా ఎరువేస్తే మొక్క మెత్తగా, పొడుగ్గా, ఆకులేసుకుని పెరుగుతుంది. పువ్వు తగ్గుతుంది, మొదటి వానకే పడిపోతుంది. పేదనేలలో పొట్టిగా, గట్టిగా, దిండులా పెరిగి, మొక్కంత పువ్వు పూయడమే దీని అందం.

మూడోది రాళ్ళు. రాయి షోకి కాదు. రాయిని మూడో వంతుకి పైగా నేలలో పాతిపెట్టి, కొంచెం వెనక్కి వాల్చి పెడతారు, పడిన వాన రాయి మీద నుంచి వెనక్కి జారి వేళ్ళ దగ్గరికి వెళ్ళేలా. రాళ్ళలో చారలుంటే అవన్నీ ఒకే వైపుకి ఉండాలి, నిజం కొండలో పొరలు అలాగే ఉంటాయి కాబట్టి. ఎండాకాలంలో రాయి కింద వేళ్ళకి చల్లగా, తడిగా ఉంటుంది. పైన ఎండ, కింద చలవ. అంటే మన భాషలో చెప్పాలంటే రాయి అనేది యూఐ కాదు, బ్యాకెండ్.

నాలుగోది, అసలు నా పరువు తీసిన మాట, స్ట్రాటిఫికేషన్. పాతకాలంలో విత్తనాల్ని తడి ఇసుకతో పొరలు పొరలుగా పేర్చి చలికాలమంతా ఉంచేవాళ్ళు. ‘పొరలు వేయడం’ అనే ఆ పని పేరే అలా నిలిచిపోయింది. ఎందుకు చేస్తారంటే, చల్లటి దేశపు విత్తనం శరదృతువులో నేలరాలగానే మొలిస్తే మంచుకి చచ్చిపోతుంది. అందుకని విత్తనం లోపల ఒక తాళం ఉంటుంది. కొన్ని వారాల పాటు తడీ, చలీ రెండూ కలిసి తగిలితేనే ఆ తాళం వీడుతుంది. ‘చలికాలం వచ్చి వెళ్ళిపోయింది, ఇక భయం లేదు’ అని విత్తనానికి తెలిసే పద్ధతి అది. దీనికి కావాల్సింది సున్నాకి కాస్త పైన ఉండే చలి, ఆరు నుంచి పన్నెండు వారాలు. ట్యాంక్ నీడకి ఆ తాళం తెరుచుకోదు. కండిషన్ ఎప్పటికీ ట్రూ కాని లూప్‌లో అమ్మని నాలుగు నెలలు తిప్పానన్నమాట.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కుటుంబంలో చాలా మొక్కల విత్తనాలు పాతబడితే మొలిచే శక్తి పడిపోతుంది. పాస్క్ ఫ్లవర్, హెపాటికా లాంటి చుట్టాలది కూడా అదే కథ. కోసిన వెంటనే చల్లితే మేలు. అలా చల్లినా కొన్ని మొదటి వసంతంలో మొలవవు, రెండో వసంతం దాకా ఆగుతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఏమీ మొలవని కుండీని కూడా రెండేళ్ళు పారేయరు. ఇంగ్లండ్‌లో 1929లో పెట్టిన ఆల్పైన్ గార్డెన్ సొసైటీ, ఆ తర్వాత వచ్చిన స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్, రెండూ ప్రతి ఏడాదీ సభ్యుల మధ్య విత్తనాలు పంచుతాయి. సభ్యులు తమ తోటలో కోసినవి పంపుతారు, కావాల్సినవి తీసుకుంటారు. ఇస్తున్న మనిషికి ఆ మొక్క తెలుసు, తీసుకుంటున్న మనిషికి దాని చలికాలం తెలుసు. మా ప్యాకెట్ అమ్మినవాడికీ, కొన్న నాకూ రెండూ తెలియవు.

ఇక్కడ నా రూమ్మేట్ అడ్డొచ్చింది. తను ఈసీఈ. "దీనికింత బాధెందుకే? ఒక చిన్న థర్మోకోల్ బాక్స్, పెల్టియర్ మాడ్యూల్, ఆర్డుయినో. టెంపరేచర్ సెట్ చేస్తే ఆల్ప్స్ రెడీ. మినీ ప్రాజెక్ట్ కూడా అయిపోతుంది" అంది. నేనూ ఒక రోజంతా ఎగ్జయిట్ అయ్యా, అబద్ధం చెప్పను. నిజంగానే విత్తనాన్ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టి కూడా మొలిపించొచ్చు. కానీ మొలిచాక? మొలక మార్చిలో బయటికొస్తుంది. ఏప్రిల్, మే గుంటూరులో ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. బాక్స్‌లోంచి దాన్ని ఒక్క మధ్యాహ్నం కూడా బయటికి తీయలేం. కరెంటు పోతే ఆల్ప్స్ పోయినట్టే. అలా ఏళ్ళ తరబడి.

ఇంజినీరింగ్‌తో చేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, గౌరవంగా చెప్పాలి. లండన్ క్యూ గార్డెన్స్‌లో 2006లో డేవిస్ ఆల్పైన్ హౌస్ అని కట్టారు. ఎత్తైన గాజు విల్లులా ఉంటుంది. వేడిగాలి పై నుంచి బయటికి పోతుంది, నేల కింద కాంక్రీటు దారుల్లో చల్లబడిన గాలిని మొక్కల మీదకి వదులుతారు. మామూలు ఏసీ లేకుండా. మెకానికల్ వాళ్ళు తప్పకుండా చూడాల్సిన బిల్డింగ్. అయితే అంత చేసినా మొక్కలు ఏడాదంతా అక్కడే ఉండవు. వెనకాల నర్సరీలో పెంచి, పూతకొచ్చినప్పుడు తెచ్చి పెడతారు. అదీ లండన్ చలిలో! ఇక మన గ్లేషియర్ బటర్‌కప్ అయితే అక్కడి తలపండిన తోటమాలుల్ని కూడా ఏడిపిస్తుంది. బతికినా కొండమీద పూసినట్టు పూయడం అరుదు.

అందుకే నాకు ఈ ఆల్పైన్ తోటమాలుల్లో నచ్చిన విషయం ఒకటుంది. అన్నీ పెంచగలమని వాళ్ళు అనరు. వాళ్ళ దగ్గర మొక్కకొక లెక్క ఉంటుంది. నైరుతి యూరప్ నుంచి వచ్చిన గడ్డి ఆకుల బటర్‌కప్, రానంక్యులస్ గ్రామినియస్, ఎండ తగిలే కంకర నేలలో ఎవరికైనా వస్తుంది. మొరాకో అట్లాస్ కొండల రానంక్యులస్ కలాండ్రినాయిడిస్ నడిచలికాలంలో పూస్తుంది, వేసవిలో నిద్రపోతుంది, అప్పుడు దానికి నీళ్ళు ఆపేయాలి. సున్నపురాయి కొండల మీద పెరిగేదానికి సున్నపురాయి, గ్లేషియర్ బటర్‌కప్‌కి మాత్రం సున్నం పడదు. అన్నీ ఒకే ఇంటిపేరు వాళ్ళే, ఒకరి పథ్యం ఇంకొకరికి విషం. ‘మొక్కలకి రోజూ నీళ్ళు పొయ్యి’ అనే ఒక్క రూలుతో ఇవి బతకవు.

ఈ కథకి చెడ్డ వైపు కూడా ఉంది, అది దాచి రాస్తే మోసం. 19వ శతాబ్దంలో రాక్ గార్డెన్ల మోజు పెరిగాక, కొండల మీద నుంచి మొక్కల్ని వేళ్ళతో సహా పీక్కొచ్చి అమ్మేవాళ్ళు. చాలామటుకు చచ్చిపోయేవి, మళ్ళీ పీకేవాళ్ళు. జెనీవాలో హెన్రీ కొరెవాన్ అనే మొక్కల పెంపకందారు 1883లో దీన్ని ఆపడానికి ఒక సంఘం పెట్టాడు. కొండని ముట్టుకోకండి, విత్తనం నుంచి పెంచండి అన్నదే ఆయన వాదం. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో రెజినాల్డ్ ఫారర్ తన రాతలతో రాక్ గార్డెన్ అంటే కొండని అర్థం చేసుకోవడం అని జనానికి ఎక్కించాడు. ఆయన మొక్కల కోసం తిరుగుతూనే 1920లో బర్మా కొండల్లో చనిపోయాడు, నలభై ఏళ్ళకే. విత్తనాల్ని తుపాకీలో పెట్టి కొండచరియ మీదకి పేల్చేవాడని ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. పిచ్చోడే అనిపిస్తుంది, కానీ ఆ విత్తనానికి ఏ ఊరు కావాలో తెలిసిన పిచ్చోడు.

ఇప్పుడు ఆ ఊరే కదిలిపోతోంది. ఆల్ప్స్ వేడెక్కుతున్నాయి. కింది ఎత్తుల్లో ఉండే మొక్కలు పైకి ఎక్కుతున్నాయి. ఆస్ట్రియాలో టిరోల్ కొండల మీద 1994, 2004లలో అవే గళ్ళను మళ్ళీ కొలిచి చూస్తే, అన్నిటికన్నా పైన బతికే మొక్కలు పరుచుకున్న మేర తగ్గింది. మిగతావి పైకి జరగొచ్చు. శిఖరం మీదున్నది ఎక్కడికి జరుగుతుంది? ఆ మొక్కల్ని తోటల్లో దాచుకుందాం అంటే, ఇందాకే చూశాం కదా, అవి తోటలకి లొంగే రకం కాదు. కాబట్టి ‘నా దగ్గర ఒకటి ఉంటే చాలు’ అనే ప్రేమ వీటికి పనికిరాదు. కొండ కొండలా ఉంటేనే అవి ఉంటాయి.

మరి మనం ఏం చేయాలి? చూడాలనిపిస్తే ఊరికి వెళ్ళి చూద్దాం. ఉత్తరాఖండ్‌లో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ ఉంది, 2005 నుంచి యునెస్కో జాబితాలో కూడా ఉంది. వానాకాలంలో నడుచుకుంటూ వెళితే ఈ బటర్‌కప్ కుటుంబపు హిమాలయ చుట్టాలు, ఎనిమోన్లు, మార్ష్ మారిగోల్డ్‌లు, మన దేశంలోనే కనిపిస్తాయి. ఫైనలియర్ ట్రిప్‌కి గోవానే ఎందుకు? ఇంట్లో పెంచుకోవాలంటే మన ఎండకి అలవాటైన మొక్కని ఎంచుకుందాం. ఎవరికైనా విత్తనం గిఫ్ట్ ఇస్తే, దాని ఊరు ఏది, దానికి ఏం వద్దు అనే రెండు ముక్కలు తెలుగులో రాసి ఇద్దాం. అమ్మేవాళ్ళని ‘ఇది మా ఊళ్ళో బతుకుతుందా?’ అని అడుగుదాం. జవాబు రాకపోతే కార్ట్‌లోంచి తీసేద్దాం.

ఇంకొకటి, ఇది నాకు నేను చెప్పుకునేది. ఇంగ్లీషు మాటని గడగడా చదివినంత మాత్రాన దాని అర్థం తెలిసినట్టు కాదు. ఆ రోజు ‘నాకు తెలీదమ్మా, కనుక్కుని చెప్తా’ అని ఉంటే సరిపోయేది. తెలీదు అనడానికి నాకు నామోషీ. అమ్మకి ఇంగ్లీష్ రాదు కాబట్టి నేను ఏం చెప్పినా నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని రెండు సెకన్లలో వాడేసుకున్నా.

పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకి అంతా చెప్పా. మంచు, తాళం, పన్నెండు వారాలు, కంకర, అన్నీ. తిడుతుందనుకున్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "విత్తనం పాతబడితే మొలవదా? మన వేపగింజ కూడా అంతే. రాలిన నెలలోపు వెయ్యకపోతే దండగ" అంది. నాకు రెండు వారాలు చదివితే ఎక్కిన విషయం ఆవిడకి ముందే తెలుసు. నేను సరిగ్గా చదివి చెప్పి ఉంటే మిగతాది తనే చూసుకునేది, లేదా మొదటి రోజే "ఇది మన ఊళ్ళో అయ్యేది కాదులే" అనేది.

ఇప్పుడు ఆ కుండీలో శంఖుపూల తీగ ఉంది. ట్యాంక్ నీడలోంచి తీసి ఎండలో పెట్టింది. మొన్న ఫోన్ చేసి పదకొండు పూలు పూశాయని చెప్పింది. చివర్లో, "నా చెయ్యి బానే ఉందే" అంది.